కుచ్చెళ్ళు దోపుకున్న కారు

కారు బానెట్టు ఎత్తి లోపలికి తొంగి చూసే అలవాటు మన ఆడవాళ్ళలో ఎంతమందికి ఉంటుంది చెప్పండి! దారి మధ్యలో బండి ఆగిపోతే ఇంటాయన దిగి, బానెట్టు ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని గంభీరంగా నిలబడతారు. మనం వెనక సీట్లో పిల్లల్ని సముదాయిస్తూ, "ఏమైందిట?" అని ఒకమాట అడిగి ఊరుకుంటాం. ఆ కాసేపట్లో అటు చూస్తే కనపడేదేమిటి? నల్లటి ఇనప ముద్ద. దాని చుట్టూ ఎర్రవీ, పచ్చవీ, నల్లవీ వైర్లు. లావుపాటి రబ్బరు గొట్టాలు కొన్ని, సన్నపాటివి కొన్ని. నాలుగు రోజులు దువ్వెన తగలని జడలా అంతా చిక్కే.

ఆ చిక్కుని కంటికి కనపడకుండా మాయం చెయ్యడమే ఒక కళగా పెట్టుకున్నవాళ్ళు అమెరికాలో ఉన్నారు. పాత కారు కొనుక్కుని, విప్పి, తమ సరదాకి తగ్గట్టు మళ్ళీ కట్టుకునేవాళ్ళు వీళ్ళు. బానెట్టు ఎత్తితే పూజగదిలో విగ్రహంలా ఇంజను ఒక్కటే కనపడాలి. చుట్టూ ఒక్క వైరు గాని, ఒక్క గొట్టం గాని ఉండకూడదు. అలాగని అది బొమ్మల కొలువులో పెట్టే బొమ్మా కాదు. తాళం తిప్పితే స్టార్టవ్వాలి, దీపాలు వెలగాలి, రేడియేటరులో నీళ్ళు తిరగాలి, హారను మోగాలి. ఇందుకోసం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పాటుపడతారు.

ఈ పనికి ఈ మధ్య కాలపు కుర్రవాళ్ళు పెట్టుకున్న పేరు "వైర్ టక్". టక్ అంటే మనకి తెలియనిదా? మగవాళ్ళు చొక్కా టక్ చేసుకుంటారు, మనం కుచ్చెళ్ళు దోపుకుంటాం. దోపుకున్నంత మాత్రాన ఆరు గజాల చీర అయిదు గజాలైపోదు. ఉన్న గుడ్డంతా లోపల ఉంటుంది, చూసేవాళ్ళకి మాత్రం తీర్చిన మడతలు కనపడతాయి. ఆ దోపడం సరిగ్గా కుదరకపోతే మెట్లెక్కేటప్పుడు ఏమవుతుందో మనకొకరు చెప్పనక్కర్లేదు. కారు సంగతీ అంతే.

నేను బి.ఏ. చదివినదాన్ని, ఇంజను గురించి పాఠం చెప్పబోవడం లేదు. అయితే ప్రతి ముచ్చట వెనకా ఒక చరిత్ర ఉంటుంది. ఈ వైర్లు దాచే ముచ్చట వెనక దాదాపు నూరేళ్ళ చరిత్ర ఉంది. అది తవ్వుకుంటూ పోతే చివరికి మన ఆడవాళ్ళ దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకే ఈ కథ మీకు చెప్పాలనిపించింది.

మొదట్లో దాచడానికి ఏమీ ఉండేది కాదు. హెన్రీ ఫోర్డు మోడల్ టి కారు 1908లో బజారులోకి వచ్చింది. 1927లో ఆపేసేనాటికి కోటిన్నరకి పైగా కార్లు తయారయ్యాయి. మొదటి పదేళ్ళూ ఆ కారుకి స్టార్టరు మోటారు లేదు. ముందుకొచ్చి, వంగి, ఇనప హ్యాండిలు పట్టుకుని తిప్పాలి. ఇంజనుకి కావలసిన నిప్పురవ్వ, దాని వెనక గిర్రున తిరిగే చక్రానికి బిగించిన అయస్కాంతాల వల్ల పుట్టేది. రేడియేటరు నీళ్ళకి పంపు కూడా అక్కర్లేదు. కాగిన నీరు పైకి, చల్లారిన నీరు కిందికి, వాటంతటవే తిరిగేవి. కనక కాసిని వైర్లు, ఒకటి రెండు నీళ్ళ గొట్టాలు, అంతే సంసారం.

ఆ హ్యాండిలు మాత్రం పరమ దుర్మార్గురాలు. ఇంజను ఒక్కసారి ఎదురు తన్నిందంటే మణికట్టు విరిగేది. 1912 మోడల్ కాడిలాక్ కార్లకి చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు కరెంటు మోటారుతో స్టార్టయ్యే ఏర్పాటు చేశాడు. ఇంకొకరి సాయం కోసం చూడకుండా ఆడవాళ్ళు కారు నడపగలగడానికి ఈ మోటారు చాలా తోడ్పడింది. కానీ మోటారొచ్చింది కనక దానికి పెద్ద బ్యాటరీ కావాలి. బ్యాటరీ నింపడానికి డైనమో కావాలి. వీటన్నిటినీ కలపడానికి లావుపాటి వైర్లు కావాలి. తరవాత కరెంటు దీపాలు, కరెంటు హారను, అద్దం తుడిచే వైపరు, చలికి హీటరు వచ్చాయి. 1930లో మోటొరోలా పేరుతో కారు రేడియో వచ్చింది. సుఖం ఒకటి వచ్చినప్పుడల్లా దాని వెంట ఒక వైరు కూడా కాపురానికి వచ్చిందన్నమాట.

అయినా అప్పట్లో ఎవరికీ బాధ లేదు. పైన బానెట్టు మూసి ఉంటుంది కదా! వంటింట్లో ఎన్ని గిన్నెలు దొర్లుతున్నా తలుపు వేసి ఉన్నంతసేపు చుట్టాలకి తెలియదు.

1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజనుతో ఒక కారు తెచ్చింది. 65 గుర్రాల బలం. అంతవరకూ అలాంటి ఇంజను డబ్బున్నవాళ్ళ కార్లకే గాని సామాన్యుడి కారుకి లేదు. కాలిఫోర్నియా దక్షిణ భాగంలో కుర్రవాళ్ళు పాత ఫోర్డులు చవగ్గా కొని, లాస్ ఏంజెలిస్‌కి ఆవల ఎడారిలో ఎండిపోయిన చెరువుల మీద పరుగు పందాలు పెట్టుకునేవారు. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని ఆ చెరువుల పేర్లు. నేల అద్దంలా చదునుగా ఉంటుంది, అడ్డొచ్చే చెట్టూ చేమా ఉండవు. 1937లో వీళ్ళ క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని ఒక సంఘం కూడా పెట్టుకున్నాయి.

పందెంలో గెలవాలంటే బరువు తగ్గాలి. మడ్‌గార్డులు పీకేశారు, ముందు అద్దం పీకేశారు, చాలామంది బానెట్టు కూడా పీకి అవతల పారేశారు. అదుగో, అక్కడ మొదలైంది అసలు కథ! ఇంజను నలుగురి కళ్ళలోనూ పడింది. వీధి గుమ్మంలోంచి నేరుగా వంటిల్లు కనపడే ఇంట్లో ఇల్లాలి అవస్థ ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ పూట నుంచీ స్టవ్వు గట్టు తుడవకుండా పడుకోవడం ఉండదు. ఆ ఫోర్డు వి-8 ఇంజనుకి రేడియేటరు గొట్టాలే నాలుగు, పైన రెండు, కింద రెండు. నిప్పురవ్వ వైర్లు ఎనిమిది. వాటిని చెల్లాచెదురు కాకుండా ఇనప గొట్టాల్లో పెట్టి పంపే పద్ధతి ఫోర్డు కంపెనీయే కొంత చూపించింది. కుర్రవాళ్ళు ఆ దారినే ఇంకా ముందుకి పోయారు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి సిపాయిలు ఇళ్ళకి తిరిగొచ్చారు. యుద్ధంలో విమానాలు బాగుచేసి, ఇనుము అతకడం, గొట్టాలు వంచడం చేతికి పట్టుబడినవాళ్ళు వాళ్ళలో ఎందరో. విమానాల కోసం తయారైన గొట్టాలు, పైన స్టీలు తీగతో జడ అల్లినట్టు అల్లినవి, కార్లలోకి కూడా వచ్చాయి. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ అనే అతను "హాట్ రాడ్" అనే పత్రిక మొదలుపెట్టాడు. ఆ నెలలోనే లాస్ ఏంజెలిస్‌లో ఇలాంటి కార్ల ఎగ్జిబిషను ఒకటి జరిగింది. 1950లో ఓక్లాండ్‌లో రోడ్‌స్టర్ షో మొదలైంది. రోడ్‌స్టర్ అంటే పైకప్పు లేని, ఇద్దరు కూర్చునే కారు. వాటన్నిట్లోకీ అందమైనదానికి బహుమతి, 9 అడుగుల ఎత్తు కప్పు! మొదటిసారి దాన్ని గెలుచుకున్నది 1929 నాటి ఫోర్డుని తీర్చిదిద్దుకున్న బిల్ నీక్యాంప్.

కార్లు చెరువు మీద నుంచి హాల్లోకి రావడంతో ఒక పెద్ద మార్పు జరిగింది. పందెంలో న్యాయం చెప్పేది గడియారం. ఎగ్జిబిషనులో న్యాయం చెప్పేది కన్ను. గడియారానికి వైరు ఎటు వెళ్ళిందో అక్కర్లేదు. కంటికి అదే ముఖ్యం. కార్ల కింద అద్దాలు పరిచి అడుగు భాగం కూడా చూపించడం మొదలుపెట్టారు. పెళ్ళిచూపుల్లో అరికాళ్ళు కూడా చూస్తామన్నట్టు! దాంతో పైన దాచినవి కిందికి తోస్తే కుదరదు, అక్కడా దాచాలి.

అదే రోజుల్లో జార్జి బారిస్, శామ్ బారిస్ అనే అన్నదమ్ములు లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో కార్ల రూపురేఖలు మార్చే షాపు నడిపేవారు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, కారు ఒంటి మీద పొడుచుకొచ్చినవన్నీ తీసేసి నున్నగా చెయ్యడం. దీన్ని "షేవింగ్" అనేవారు. గడ్డం గీసినట్టే! తలుపు పిడులు కూడా గీసి పారేసేవారు. మరి పిడి లేకపోతే తలుపు తెరుచుకునేదెలా? తలుపు లోపల కరెంటుతో లాగే మీట ఒకటి పెట్టాలి, ఎక్కడో కంటపడని చోట దానికి బొత్తాం పెట్టాలి, రెండింటికీ మధ్య వైరు వెయ్యాలి, ఆ వైరూ కనపడకూడదు. చూశారా, ఒకటి దాచాలంటే కొత్తగా ఇంకొకటి తెచ్చి దాన్నీ దాచాలి. అబద్ధాల సంగతి కూడా ఇంతే కదా!

పెద్దమనుషులు దీన్నంతా కుర్రకారు పిచ్చి అనుకునేవారు. 1963లో టామ్ ఉల్ఫ్ అనే రచయిత కాలిఫోర్నియా వెళ్ళి, ఈ షాపులన్నీ చూసి, "ఎస్క్వైర్" పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. వీళ్ళు మెకానిక్కులు కారు, శిల్పుల్లాంటివాళ్ళని ఆయన వాదం. 1965లో అది పుస్తకంగా కూడా వచ్చింది. బట్టలకి నూనె మరకలంటిన మనుషుల్ని సాహిత్యం వాళ్ళు తలెత్తి చూడటం అదొక కొత్త.

ఇక్కడ కథలోకి పొగ వచ్చింది. లాస్ ఏంజెలిస్ ఊరిని కార్ల పొగ ఉక్కిరిబిక్కిరి చేస్తుంటే కాలిఫోర్నియా ప్రభుత్వం కంపెనీల మీద ఒక్కొక్క షరతే పెట్టసాగింది. ఇంజనులో మిగిలిపోయిన ఆవిరిని బయటికి వదలకుండా మళ్ళీ లోపలికే పంపే గొట్టం 1961 మోడల్ కార్లతో మొదలైంది. 1975 నాటికి సైలెన్సరు దారిలో పొగని శుభ్రంచేసే డబ్బా వచ్చింది. ఈ ఏర్పాట్లకి తోడు పెన్సిలంత లావు గొట్టాలు ఇంజను చుట్టూ పాకాయి. 1980లలో పెట్రోలు పోసే లెక్కంతా చిన్న కంప్యూటరు చూసుకోవడం మొదలైంది. దానికి కబుర్లు మోసే వైర్లు వేరే. పైగా చిన్న కార్లలో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, చుట్టూ చెయ్యి పెట్టే చోటు కూడా మిగలదు.

ఎటు చూసినా చిక్కు పెరిగింది కనక నున్నదనం మీద మోజూ పెరిగింది. 1980లలో బాయిడ్ కాడింగ్టన్ షాపు నుంచి వచ్చిన కార్లు లోపలా బయటా సబ్బుబిళ్ళంత నునుపుగా ఉండేవి. ఆ తరవాత 1990లలో కాలిఫోర్నియాలో ఆసియా కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న కొత్త గుంపొకటి బయలుదేరింది. ఫోర్డు వి-8లు వాళ్ళ నాన్నల కాలంవి కావు, వాళ్ళ జేబులకి అందేవీ కావు. ఇంట్లో అమ్మ నడిపి వదిలేసిన హోండా సివిక్ లాంటి చిన్న జపాను కార్లే వాళ్ళకి దిక్కు. ఆ కార్లలో ఇంజను చుట్టూ ఉన్న వైర్ల అడవిని మాయం చేసి, పాత చిల్లులన్నీ పూడ్చి, గోడలన్నీ కొత్తగా రంగు వేసి చూపించారు. "వైర్ టక్" వాడుకలోకి వచ్చింది వీళ్ళ మధ్యనే.

మా అక్కయ్య కొడుకు ఉద్యోగం కాలిఫోర్నియాలో. ఒక ఏడాది నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాడి గ్యారేజీలో ఇలాంటి సివిక్ ఒకటి, ఇంజను ఊడదీసి, నోరు తెరుచుకుని ఉంది. పక్కన నేల మీద దుప్పటి పరిచి, దాని మీద వైర్లన్నీ, రొయ్యల వల ఆరబెట్టినట్టు, పరిచాడు. ప్రతి వైరుకీ ఒక కాగితం చీటీ అంటించి ఉంది.

"ఏమిట్రా ఇది, పెళ్ళివారి సామాన్లకి చీటీలు కట్టినట్టు?" అన్నాను.

"ఏది ఎక్కడిదో మర్చిపోతే కారు మళ్ళీ లేవదు పిన్నీ" అన్నాడు వాడు.

ఆ పూటంతా కూర్చోబెట్టి నాకు చెప్పాడు. ఇంజను ముందు పైకి లాగెయ్యాలి. బ్యాటరీని ముందు నుంచి తీసి వెనక డిక్కీలో పెట్టాలి. ఫ్యూజుల పెట్టెని డాష్‌బోర్డు కిందికి మార్చాలి. దీపాలకి వెళ్ళే వైర్లని మడ్‌గార్డు లోపలి నుంచి తిప్పి తీసుకెళ్ళాలి. దారి మారింది కనక పొడుగు చాలదు, ప్రతిదాన్నీ కోసి, అతుకు వేసి, అతుకు మీద వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి. హీటరు గొట్టాలని ఇంజను వెనక కిందుగా పోనివ్వాలి. బ్రేకు గొట్టాలని కొత్తగా వంచి లోపలి నుంచి వెయ్యాలి. ఖాళీ అయిన చిల్లులన్నీ వెల్డింగు చేసి, అరగదీసి, రంగు వెయ్యాలి. ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ పళ్ళెంలా నున్నగా అయ్యేదాకా తోముతూనే ఉండాలి.

"పొగ గొట్టాలు కూడా తీసేస్తావుట్రా?" అని అడిగితే వాడు గట్టిగా తలూపాడు, కాదని. కాలిఫోర్నియాలో 1984 నుంచి కార్లకి పొగ పరీక్ష ఉంది. మిషను చెప్పే లెక్కే కాకుండా, ఉండవలసిన సామానంతా ఉందో లేదో కంటితో కూడా చూస్తారు. "దాచడం వేరు, తీసెయ్యడం వేరు పిన్నీ. తీసేసి దాచానంటే అది మోసం" అన్నాడు. వాడి మాట నాకు నచ్చింది.

ఇంతలో కోడలు కాఫీ తెచ్చింది. "చూడండి చిన్నత్తయ్యగారూ! కారులో ఒక్క వైరు కనపడకూడదట ఈయనకి. మా హాల్లో టీవీ వెనక చూశారా, కాకిగూడు! అది మాత్రం పెళ్ళైన దగ్గర్నుంచీ అలాగే ఉంది" అంది. వాడు వినపడనట్టు వైర్ల మీదికి వంగాడు. మగవాళ్ళ శుభ్రతకి హద్దులు ఎక్కడుంటాయో అన్ని దేశాల్లోనూ ఒకటే లెక్క!

ఆ శనివారం నన్ను పొమోనా తీసుకెళ్ళాడు. ఓక్లాండ్‌లో మొదలైన ఆ రోడ్‌స్టర్ షో 2004 నుంచి అక్కడే జరుగుతోంది. 1932 ఫోర్డు పక్కన గెడ్డం నెరిసిన పెద్దాయన ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ కారు ఇంజను చుట్టూ చూస్తే ఏమీ లేదు, నిజంగా ఏమీ లేదు! నేను ఆశ్చర్యపోవడం చూసి ఆయన లేచి, సీటు కింద చిన్న రేకు మూత విప్పి చూపించాడు. లోపల వైర్లన్నీ రంగుల వారీగా, దారపు కట్లతో, వరసగా ఉన్నాయి. పైనున్న ఇంజను కంటే అదే నాకు ముచ్చటగా కనిపించింది. రేపు తనకి చేతకాని రోజు వస్తే, బాగుచేసేవాడు ఎక్కడ విప్పాలో వెతుక్కోకూడదని ఆ మూత పెట్టానన్నాడాయన. మా వాడు ఇంటికొచ్చాక తన నోటుపుస్తకం తీసి చూపించాడు. ఏ వైరు ఏ దారిన పోయిందో బొమ్మ గీసి, పక్కన రంగు రాసి పెట్టుకున్నాడు.

ఈ పనిలో అసలు కష్టం అక్కడే ఉంది. కనపడే వైరు తెగితే కనపడుతుంది. దాచిన వైరు ఒరుసుకుంటే ఎవరికీ తెలియదు. రేకు చిల్లులోంచి వైరు దూర్చేటప్పుడు అంచుకి రబ్బరు ఉంగరం తొడగకపోతే, కారు కుదుపులకి ఆ అంచు కత్తిలా వైరు మీది తొడుగుని రోజుకింత కోస్తుంది. ఒకరోజు లోపలి రాగి రేకుకి తగిలి నిప్పు పుడుతుంది. డిక్కీలో పెట్టిన బ్యాటరీ నుంచి కారు పొడుగునా ముందుకొచ్చే లావు వైరుకి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకపోతే ఆ నిప్పుని ఆపేవాళ్ళుండరు. సైలెన్సరు గొట్టం దగ్గరగా పోతే వైరు తొడుగు కరుగుతుంది. పెట్రోలు గొట్టం పక్కనే దాన్ని పోనివ్వడమంటే దీపం పక్కన పత్తి ఆరబెట్టడమే. కనక బాగా దాచడమంటే, బయట ఉన్నదాని కంటే లోపల ఉన్నదాన్ని రెట్టింపు జాగ్రత్తగా చెయ్యడం.

మన ఇళ్ళలో కూడా ఈ మార్పు జరిగింది. ఒకప్పుడు గోడ మీద చెక్క బద్దీలు కొట్టి, వాటి మీద వైర్లు వేసేవారు. స్విచ్చి నుంచి బల్బు దాకా దారి చూపుడు వేలితో చూపించవచ్చు. ఇప్పుడంతా గోడ లోపల గొట్టాల్లోంచే. చూడటానికి ఎంత బాగుంటుందో! మా హాల్లో ఒకసారి కరెంటు పోయింది. ఇల్లు కట్టిన మేస్త్రీ కాలం చేశాడు, వైరింగు చేసినతను ఊరు విడిచి వెళ్ళిపోయాడు, కాగితం మీద ఎవరూ ఏమీ గీసి పెట్టలేదు. మూడుచోట్ల గోడ పగలగొట్టాక గాని దారి దొరకలేదు. అందం చేసినవాళ్ళు దారి కూడా చెప్పి వెళ్ళాలి. లేకపోతే ఆ అందం ఖరీదు తరవాతి వాళ్ళ మీద పడుతుంది.

అసలు ఈ వైర్ల గుత్తి ఎక్కడ పుడుతుందో చెప్పనే లేదు కదూ? దీన్ని కంపెనీల భాషలో "వైరింగ్ హార్నెస్" అంటారు. హార్నెస్ అంటే గుర్రానికి కట్టే పట్టెడలు, పగ్గాలు. గుర్రం పోయినా పేరు మిగిలింది. ఇవాళ్టి పెద్ద కారులో ఈ వైర్లన్నీ ఒకదాని చివర ఒకటి పెడితే కిలోమీటర్ల పొడుగుంటాయి. వీటి చిక్కు తగ్గించడానికి 1986లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ, ఒకే జత తీగల మీద అనేక కబుర్లు వంతులవారీగా పంపే పద్ధతి ఒకటి బయటపెట్టింది. అయినా సుఖాలు అంతకంటే వేగంగా పెరిగాయి, వైర్లు తగ్గలేదు. కంపెనీలు కూడా ఇప్పుడు ఇంజను మీద పెద్ద ప్లాస్టిక్ మూత వేసి అంతా దాచేస్తున్నాయి.

కారు రేకుల్ని మిషన్లు అతుకుతాయి, రంగు మిషన్లు వేస్తాయి. ఈ గుత్తి మాత్రం ఇవాళ్టికీ చాలావరకు చేత్తోనే కట్టాలి. వైర్లు కోయడం, చివర్లు బిగించడం మిషన్లు చేస్తాయి గాని, వడిలిన కాడల్లా వాలిపోయే వైర్లని సర్ది కట్టడం వాటి వల్ల కాదు. మంచమంత పలక మీద బొమ్మ గీసి, అక్కడక్కడ మేకుల్లాంటివి పెడతారు. వాటి మధ్య నుంచి ఒక్కొక్క వైరే లాగి, పక్కదానితో కలిపి, టేపు చుట్టుకుంటూ పోవాలి. దండ కట్టినట్టే. కడుతున్నవాళ్ళెవరు? మెక్సికోలో, మొరాకోలో, ట్యునీషియాలో, ఉక్రెయిన్‌లో, ఎక్కువగా ఆడవాళ్ళే. మన దేశంలో ఈ వ్యాపారంలో పేరుపడ్డ కంపెనీ పేరు మదర్‌సన్. 1975లో స్వర్ణలత సెహగల్, ఆవిడ కొడుకు వివేక్ చాంద్ సెహగల్ కలిసి మొదలుపెట్టారు కనక ఆ పేరు. 1986లో జపాను వాళ్ళ సుమిటోమోతో కలిసి కార్ల వైరింగులో పెద్దదైంది.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తింది. ఆ దేశం పడమటి ఊళ్ళలో వైరింగు గుత్తులు కట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. అక్కడ పని ఆగిన కొద్ది రోజులకే జర్మనీలో ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ కంపెనీలు కొన్ని ఫ్యాక్టరీల్లో కార్ల తయారీ ఆపవలసి వచ్చింది. ఇంజన్లున్నాయి, చక్రాలున్నాయి, కోట్ల ఖరీదు చేసే మిషన్లున్నాయి. దండలో దారం లేదు, అంతే! మిగతా సామాను ఎంతుంటే ఏం లాభం? వైరింగు గుత్తి పడకపోతే దాని మీద రావలసినదేదీ బిగించడానికి వీల్లేదు. తరవాత ఆ ఫ్యాక్టరీల్లో, సైరను కూసినప్పుడల్లా తలదాచుకుని, మళ్ళీ వచ్చి పలకల ముందు నిలబడి ఆ మనుషులు గుత్తులు కట్టారు.

ఇంట్లో అమ్మ రెండు రోజులు మంచాన పడితే గాని మంచినీళ్ళ బిందె ఎవరు నింపుతున్నారో, ఉతికిన బట్టలు బీరువాలోకి ఎలా నడిచి వస్తున్నాయో ఇంట్లోవాళ్ళకి గుర్తురాదు. పని కనపడకుండా జరిగిపోతుంటే జరిగేది పనేనని తోచదు. అలాగని చేసే ప్రతి పనీ డప్పు కొట్టి చెయ్యలేం. కుచ్చెళ్ళు బయట వేసుకుని ఎవరు తిరుగుతారు? దాచడం తప్పని నేను అనను. అందులో ఉన్న నేర్పు చూశాక అసలనలేను. దాచినవాడికి అది అక్కడ ఉందన్న జ్ఞాపకం ఉండాలి. సీటు కింద మూత పెట్టిన ఆ పెద్దాయనకి ఉంది, చీటీలు అంటించిన మా వాడికీ ఉంది.

ఈసారి దారిలో మీ కారు ఆగి, బానెట్టు లేచినప్పుడు మీరు కూడా ఒకసారి దిగి చూడండి. ప్లాస్టిక్ మూత పక్క నుంచి నల్ల టేపు చుట్టిన వైర్ల కట్ట ఒకటి లోపలికి వెళుతూ కనపడుతుంది. ఆ చుట్లలో ఒక్కటి కూడా వంకర పోయి ఉండదు. ఏ ఊళ్ళోనో మనలాంటి ఒకావిడ పలక ముందు నిలబడి చుట్టింది అది.